మిస్సింగ్ వేట: కంప్యూటర్ లేని పోర్షే 911లో లోపం పట్టే తీరు

ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 900 చుట్లతో ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు దానిలో సెకనుకు 45 సార్లు పెట్రోలు మండుతుంది. ఒక్కో సిలిండర్ వంతు ఏడున్నర సార్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ప్రతి సిలిండర్‌కూ రెండు చుట్లకు ఒకసారే మండే అవకాశం వస్తుంది. ఆ అవకాశం ఒక్కసారి తప్పిపోతే సీట్లో కూర్చున్న మనిషికి చిన్న కుదుపుగా తెలుస్తుంది. పదేపదే తప్పిపోతుంటే బండి వణుకుతుంది, పికప్ పడిపోతుంది, మండకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్‌లోకి చేరి టపటపా పేలుతుంది. ఇంజను మిస్సింగ్ కొడుతోందని మెకానిక్ షెడ్డులో చెప్పేది ఈ స్థితినే.

సిలిండర్‌లో మంట అంటుకోవడానికి కావలసినవి నాలుగే: గాలి, దానికి తగిన పాళ్లలో పెట్రోలు, ఆ రెండింటినీ గట్టిగా అదిమే కంప్రెషన్, సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ. మిస్సింగ్ కొడుతోందంటే వీటిలో ఏదో ఒకటి లోపించిందన్నమాట. ఈ మాట చెప్పడం తేలికే. ఆ నాలుగింటి వెనక డజన్లకొద్దీ భాగాలుంటాయి, వాటిలో చాలా వాటి లోపాలు బయటికి ఒకేలా కనిపిస్తాయి. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

ఇప్పటి కార్లలో ఈ పని చాలావరకు కంప్యూటరే చేస్తుంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 అనే స్వయం తనిఖీ వ్యవస్థ తప్పనిసరి అయింది. సిలిండర్‌లో మంట అంటుకున్న ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ వేగం కాస్త పెరగాలి. పెరగకపోతే ఏ సిలిండర్ వంతు తప్పిందో కంప్యూటర్ లెక్కగట్టి పీ0301 వంటి కోడు రాసిపెడుతుంది. చివరి అంకె సిలిండర్ నంబరు. అంతకు ముందు తరం స్పోర్ట్స్ కార్లకు ఈ సౌకర్యం లేదు. వాటిలోనూ 1978 నుంచి 1983 మోడల్ దాకా వచ్చిన పోర్షే 911 ఎస్‌సీని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, ఆ ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్ లేదు. అందుకే ఈ వ్యాసానికి ఆ కారే ప్రధానమైన ఉదాహరణ.

ఇంజెక్షన్ వచ్చిన దారి

పెట్రోలు కార్లలో ఇంజెక్షన్ చరిత్రకు పెద్ద మలుపు 1954లో వచ్చిన మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్‌ఎల్. రెక్కల్లా పైకి తెరుచుకునే తలుపుల కారు అది. బాష్ కంపెనీ పంపు దాని మూడు లీటర్ల ఇంజనులోకి పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేది. ఇగ్నిషన్ కట్టేశాక కూడా ఇంజను పూర్తిగా ఆగేదాకా పంపు పెట్రోలు పంపుతూనే ఉండేది. ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలిసేది. ఆయిల్ పలచబడటం ఆ కారు యజమానులకు తెలిసిన చిక్కే. 1957లో షెవ్రొలే కార్వెట్‌కు రోచెస్టర్ యాంత్రిక ఇంజెక్షన్ వచ్చింది. 1967లో బ్రిటన్‌లో ట్రయంఫ్ టీఆర్5కు లూకాస్ ఇంజెక్షన్ అమర్చారు. దానిలో పెట్రోలును 100 పి.ఎస్.ఐ.కి పైగా ఒత్తిడితో పంపించే విద్యుత్ పంపు వేడెక్కితే లోపలి పెట్రోలు ఆవిరై బుడగలు కట్టేది, ఇంజను తడబడేది. వేసవి మధ్యాహ్నం చాలాసేపు నడిచాక మాత్రమే కనిపించే మిస్సింగ్ ఇలాంటిదే.

అదే 1967లో బాష్ డీ-జెట్రానిక్ పేరుతో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ 1600తో మార్కెట్‌లోకి తెచ్చింది. 1973లో అదే కంపెనీ మరో దారిలో వెళ్లి కే-జెట్రానిక్ తయారుచేసింది. దీన్ని మొదట అందుకున్న కార్లలో 911 ఒకటి.

తెలుగు నేల మీది షెడ్లలో ఈ మధ్య దశ దాదాపు కనిపించదు. అంబాసిడర్, ఫియట్, మారుతి 800 కార్బ్యురేటర్ల మీద చేయి తిరిగిన మెకానిక్కులకు 1990ల చివర్లో శాంత్రో వంటి చిన్న కార్లతో కంప్యూటర్ నడిపే ఇంజెక్షన్ నేరుగా ఎదురైంది. కార్బ్యురేటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య వచ్చిన యాంత్రిక ఇంజెక్షన్‌ను వాళ్లలో ఎక్కువమంది చేతులతో ముట్టుకునే అవకాశమే రాలేదు. అలవాటు లేని చేతికి కే-జెట్రానిక్ మొదట వింతగా ఉంటుంది. పని చేసే తీరు అర్థమైతే మాత్రం ఇంత నిజాయితీగా జవాబు చెప్పే వ్యవస్థ మరొకటి లేదనిపిస్తుంది. దాని లోపల జరిగే ప్రతిదాన్నీ ఒత్తిడిగానో, కదలికగానో, ధారగానో కొలవవచ్చు.

కే-జెట్రానిక్ లోపల

ఇంజనులోకి పోయే గాలి మొత్తం ఒక గుండ్రటి లోహపు పళ్లెం మీదుగా వెళ్లాలి. గాలి ఎక్కువ పోయేకొద్దీ పళ్లెం ఎక్కువగా కదులుతుంది. పళ్లేనికి బిగించిన చేయి ఒక సన్నటి ప్లంజర్‌ను పైకి నెడుతుంది. ఆ ప్లంజర్ ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ అనే దిమ్మె లోపల కదులుతుంది. దిమ్మెలో సిలిండర్‌కు ఒకటి చొప్పున నిలువు చీలికలుంటాయి. ఒక్కో చీలిక వెడల్పు సుమారు 0.2 మి.మీ. ప్లంజర్ లేచినకొద్దీ చీలికలు తెరుచుకుని ఆరు సన్నటి గొట్టాల ద్వారా ఆరు ఇంజెక్టర్లకు పెట్రోలు పోతుంది. ఇంజెక్టర్లలో విద్యుత్తు ఏమీ లేదు. ఒత్తిడి మూడు బార్లకు కాస్త పైకి చేరగానే తెరుచుకుని, ఇంజను నడిచినంతసేపూ ఆగకుండా చిమ్ముతూనే ఉంటాయి.

ట్యాంకు దగ్గరి పంపు 911 ఎస్‌సీలో సుమారు 4.5 నుంచి 5.2 బార్ల ఒత్తిడి ఇస్తుంది. దీన్ని సిస్టమ్ ప్రెషర్ అంటారు. ప్లంజర్ తల మీద మాత్రం వేరే ఒత్తిడి పనిచేస్తుంది. దాని పేరు కంట్రోల్ ప్రెషర్. ఇది పెరిగితే ప్లంజర్‌ను కిందికి ఎక్కువగా అదుముతుంది, అంతే గాలికి పళ్లెం తక్కువ లేస్తుంది, పెట్రోలు తగ్గుతుంది. ఇది తగ్గితే పెట్రోలు పెరుగుతుంది. చల్లటి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి కాబట్టి స్టార్ట్ చేసే సమయంలో కంట్రోల్ ప్రెషర్ అర బార్ వరకూ దిగి, ఇంజను వేడెక్కాక సుమారు 3.7 బార్లకు చేరేలా బాష్ రూపొందించింది. కచ్చితమైన అంకెలు మోడల్‌ను బట్టి, ఆ రోజు వాతావరణపు వేడిని బట్టి మారతాయి. ఈ మార్పును నడిపేది వార్మ్-అప్ రెగ్యులేటర్. లోపల రెండు లోహాల పట్టీ, దాన్ని వేడి చేసే చిన్న విద్యుత్ కాయిల్, అంతే. ఆ పట్టీ వంగే తీరే చల్లటి ఇంజను ఎలా నడవాలో నిర్ణయిస్తుంది.

ఇంత పనినీ ఒక కంప్యూటర్ కూడా లేకుండా పళ్లెం, ప్లంజర్, స్ప్రింగులు చేసుకుపోతాయి. అమెరికాకు 1980 నుంచి పంపిన ఎస్‌సీలకు మాత్రం పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, మిశ్రమాన్ని స్వల్పంగా సరిదిద్దే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెను చేర్చారు.

ముందు గమనించాల్సింది

అనుభవం ఉన్న మెకానిక్ పానా పట్టకముందు అడిగే ప్రశ్న ఒక్కటే: మిస్సింగ్ ఎప్పుడు కొడుతోంది? ఆ జవాబుతో సగం దారులు మూసుకుపోతాయి.

ఐడ్లింగ్‌లో వణికి, రేస్ పెంచగానే సర్దుకుంటే అనుమానం గాలి లీకు మీదికి పోతుంది. పళ్లేన్ని తప్పించుకుని దొంగదారిన లోపలికి వచ్చే గాలికి తగ్గ పెట్రోలు చేరదు. కన్నం సైజు మారదు కాబట్టి ఇంజను తక్కువ గాలి పీల్చే ఐడ్లింగ్‌లో ఆ దొంగగాలి వాటా పెద్దది. ఎక్కువ గాలి పీల్చేటప్పుడు అది లెక్కలోకి రాదు. దీనికి సరిగ్గా ఎదురైన లక్షణం మరొకటి ఉంది. ఐడ్లింగ్ బాగానే ఉండి, గేరులో ఉండగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడే తడబడితే నిప్పురవ్వ బలహీనంగా ఉందని అర్థం. సిలిండర్ నిండా గాలి చేరి కంప్రెషన్ పెరిగినప్పుడు ప్లగ్గు కొనల మధ్య కరెంటు దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగిన కాయిల్, పగిలిన డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ప్లగ్గులకు కరెంటు తీసుకుపోయే పాత హెచ్‌టీ వైర్లు సరిగ్గా ఆ క్షణంలోనే చేతులెత్తేస్తాయి.

చల్లగా ఉన్నప్పుడే మిస్సింగ్ కొట్టి వేడెక్కాక పోతే వార్మ్-అప్ రెగ్యులేటర్‌ను ముందు చూడాలి. వేడెక్కాకే మొదలైతే ఇగ్నిషన్‌లోని ఎలక్ట్రానిక్ భాగాల వైపు తిరగాలి. ఎప్పుడూ ఒకే సిలిండర్‌లో వస్తే ఆ సిలిండర్ సొంత భాగాల్లో, ఒక్కోసారి ఒక్కో చోట వస్తే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాల్లో వెతకాలి.

అది ఏ సిలిండరో తేల్చాలంటే ఇగ్నిషన్ టైమింగ్ చూసే గన్నే చాలు. దాని క్లిప్పును ఒక్కో హెచ్‌టీ వైరుకు తగిలించి వెలుగును చూస్తారు. ఆరింటిలో ఏదో ఒకటి ఆగి ఆగి వెలిగితే లోపం ప్లగ్గుకు ముందే, అంటే వైరులోనో క్యాప్‌లోనో ఉంది. వెలుగు ఆగకుండా ఉన్నా ఆ సిలిండర్ పనిచేయకపోతే ప్లగ్గు, పెట్రోలు, కంప్రెషన్ మిగులుతాయి. చల్లటి ఇంజనును స్టార్ట్ చేసి కాసేపయ్యాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఎగ్జాస్ట్ పైపులను చూడటం ఇంకో దారి. మండని సిలిండర్ పైపు మిగతావాటి కంటే స్పష్టంగా చల్లగా ఉంటుంది. 911లో పైపుల చుట్టూ క్యాబిన్ హీటర్ కోసం తొడుగులు ఉంటాయి కాబట్టి హెడ్ దగ్గర బయటికి కనిపించే కురచ భాగాన్నే గురి చూడాలి.

పాత కార్ల మీద కొందరు చేసే పని, ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైరు లాగి చూడటం, ఇక్కడ పనికిరాదు. ఈ కారు ఇగ్నిషన్ పెట్టె కెపాసిటర్‌లో సుమారు 400 వోల్టులు దాచి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతుంది. వైరు గాల్లో తేలితే ఆ శక్తి పెట్టెను దెబ్బతీయవచ్చు, మనిషికీ ప్రమాదమే.

సిలిండర్ నంబర్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 911 ఇంజను కారు వెనక భాగంలో ఉంటుంది. కారు వెనక అంచున ఎడమవైపు ఉన్నది ఒకటో సిలిండర్, దాని ముందు రెండు, మూడు. కుడివైపు అదే వరసలో నాలుగు, ఐదు, ఆరు. మండే వరస 1-6-2-4-3-5. ప్లగ్గులు మార్చాక రెండు వైర్లు తారుమారై మిస్సింగ్ మొదలైన కార్లు చాలానే ఉంటాయి. సర్వీసింగ్ అయిన వెంటనే మొదలైన మిస్సింగ్‌కు ముందు చూడాల్సింది ఆ సర్వీసింగ్‌లో ముట్టుకున్న భాగాలనే.

కంప్రెషన్ ముందు

చాలామంది కంప్రెషన్‌ను చివరికి వదిలేస్తారు. అది మొదటే చూడాల్సింది. కంప్రెషన్ లేని సిలిండర్‌ను ఎన్ని ప్లగ్గులు మార్చినా, మిశ్రమాన్ని ఎంత సర్దినా బాగుచేయలేరు. ఆరు ప్లగ్గులు ఎలాగూ విప్పాలి కాబట్టి ఒకే శ్రమలో రెండు పనులు అవుతాయి. ప్లగ్గు ముఖమే చాలా చెబుతుంది. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వ రావడం లేదు. తెల్లగా పొడిగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. నల్లటి మసి పడితే ఎక్కువైంది. నూనె జిడ్డు ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ గైడ్లో అరిగాయి.

కంప్రెషన్ అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికి బాగా వెనకబడితే లీక్‌డౌన్ పరీక్ష చేస్తారు. పిస్టన్‌ను పైన నిలిపి ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించి, ఎంత శాతం జారిపోతోందో మీటర్ మీద చూస్తారు, చెవితో వింటారు. సైలెన్సర్‌లో సుయ్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వ్. గాలి పీల్చే వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు.

ఎస్‌సీ ఇంజనుకు ఇక్కడ రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. వాల్వ్ క్లియరెన్స్ 0.1 మి.మీ., అదీ ఇంజను పూర్తిగా చల్లారాక పెట్టాలి. అంత సన్నటి సందు కొంచెం బిగిసినా ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. రెండోది హెడ్ స్టడ్డులు. సిలిండర్ హెడ్‌ను ఇంజనుకు బిగించే పొడవాటి స్టడ్డుల్లో ఎగ్జాస్ట్ వైపు ఉన్న కింది వరసకు పోర్షే డిలావార్ అనే మిశ్రమలోహాన్ని వాడింది. వేడికి అల్యూమినియంతో సమంగా సాగుతుందన్నది ఉద్దేశం. ఏళ్లు గడిచాక వాటి ఉపరితలం తుప్పుతో గుంతలు పడి, కారు నడవకుండా నిలబెట్టి ఉన్నప్పుడు కూడా విరిగిపోతాయి. వాల్వ్ కవర్ విప్పినప్పుడు దానిలో విరిగిన స్టడ్డు తలకాయ, నట్టుతో సహా దొరికితే మిస్సింగ్ కోసం ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. ఇంజను దించాల్సిందే. చాలామంది ఎస్‌సీ యజమానులు భయపడే క్షణం అదే.

నిప్పురవ్వ దారి

1978 నుంచి 911లో పాయింట్లు పోయి, ప్లగ్గులకు కరెంటు పంచే ఇగ్నిషన్ డిస్ట్రిబ్యూటర్ లోపల అయస్కాంత సెన్సర్ వచ్చింది. అది పంపే చిన్న సంకేతం ఒక ప్రత్యేక తీగ ద్వారా ఇగ్నిషన్ పెట్టెకు చేరుతుంది. ఆకుపచ్చ తొడుగున్న ఆ తీగను 911 మెకానిక్కులు ‘గ్రీన్ వైర్’ అంటారు. ఇంజను వేడికి దాని ఇన్సులేషన్ ఎండి పెళుసైపోతుంది. లోపలి తీగ చుట్టూ ఉన్న కవచాన్ని తాకితే సంకేతం ఆగి ఆగి వస్తుంది. బండి నడిచి నడిచి, బాగా వేడెక్కాక ఆరు సిలిండర్లూ ఒక్కసారి చచ్చిపోయి వెంటనే మళ్లీ బతికినట్టనిపిస్తే ఈ తీగను ముందు అనుమానించాలి. పరీక్షకు తీగను వేళ్ల మధ్య మెల్లగా వంచి చూస్తే చాలు. లోపల పొడిపొడిగా విరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది.

ఇగ్నిషన్ పెట్టెకు కూడా సొంత గొంతు ఉంది. తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేయకుండా వింటే పెట్టె నుంచి సన్నటి ఈల లాంటి మోత వస్తుంది. కెపాసిటర్‌ను నింపే ట్రాన్స్‌ఫార్మర్ చప్పుడది. మోత లేకపోతే పెట్టెకు కరెంటు రావడం లేదు, లేదా పెట్టె పోయింది. మోత ఉంటే మాత్రం అంతా సవ్యమని కాదు, మొదటి మెట్టు దాటినట్టు. ఈ పెట్టెకు తగిన కాయిల్ వేరు. మామూలు కారు కాయిల్ పెడితే కొంతకాలం నడిచినట్టే నడిచి ఇబ్బందులు తెస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌ను విప్పి లోపల వెలుతురులో చూడాలి. పగులు వెంట సన్నటి నల్లటి గీత కనిపిస్తే కరెంటు ప్లగ్గుకు పోకుండా ఆ దారిన భూమికి దిగిపోతోంది. గాలిలో తేమ ఉన్న చోట, అంటే విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్నాల్లో, వానాకాలపు పొద్దున ఈ లోపం బాగా బయటపడుతుంది. చీకట్లో ఇంజను నడుపుతూ వైర్ల మీద సన్నగా నీరు చిలకరిస్తే దొంగదారి దూకే నీలి రవ్వలు కనిపిస్తాయి. అన్నీ బాగున్నాయనిపించినా ప్లగ్గు టోపీలను ఒక్కొక్కటిగా ఓమ్‌మీటర్‌తో చూడాలి. ఒకదాని రీడింగ్ మిగతా వాటికి దూరంగా ఉంటే దొంగ అదే.

దొంగగాలి

కంప్రెషన్, నిప్పురవ్వ బాగున్నాయని తేలాక మాత్రమే గాలి, పెట్రోలు దగ్గరికి రావాలి. ఇక్కడ పని ఒక మూతతో మొదలవుతుంది.

911లో ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది. దాని ఆవిరి గొట్టం ఇంజను పీల్చే గాలిదారిలోకి తెరుచుకుంటుంది. ఐడ్లింగ్‌లో ఉన్న ఎస్‌సీ ఆయిల్ మూత తీస్తే ఇంజను వెంటనే తడబడాలి, కొన్నిసార్లు ఆగిపోవాలి. పళ్లెం కొలవని గాలి ఒక్కసారిగా లోపలికి పోవడమే కారణం. మూత తీసినా ఇంజను నడకలో మార్పేమీ లేదంటే వేరే ఎక్కడో పెద్ద లీకు ముందే ఉందని, లేదా మిశ్రమం ముందే గాడి తప్పిందని అర్థం. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. అయినా వందల యూరోల భాగాలు మార్చేశాక గానీ చాలామందికి ఇది గుర్తురాదు.

లీకులు దాగే చోట్లు తెలిసినవే. ఇంజెక్టర్ దిగిన చోటి రబ్బరు రింగులు గట్టిపడి పగులుతాయి. ఇన్‌టేక్ పైపులను కలిపే రబ్బరు తొడుగులు సాగుతాయి. ఆయిల్ మూత సీలు, గాలిదారిలోని పెద్ద రబ్బరు బూటు కాలం చెల్లి చీలతాయి. వీటన్నిటినీ మించినది పళ్లెం దాటిన గాలి చేరే పెట్టె, ఎయిర్‌బాక్స్. చల్లటి ఇంజను స్టార్ట్ అయ్యేటప్పుడు వెనక్కి పేలితే మండుతున్న వాయువు నల్లటి ప్లాస్టిక్ ఎయిర్‌బాక్స్‌ను అతుకుల దగ్గర చీల్చేస్తుంది. ఈ బలహీనత చాలామందిని వేధించింది. ఆ పీడనం బయటికి పోయేలా ఎయిర్‌బాక్స్‌కు రంధ్రం చేసి స్ప్రింగు మూత అమర్చడం ఎస్‌సీలకు చాలాకాలంగా చేస్తున్న మార్పు. ఆ మూత సరిగా మూసుకోకపోతే మళ్లీ అదే దొంగగాలి.

ఇంతకుముందు మెకానిక్కులు కార్బ్యురేటర్ క్లీనర్‌ను అనుమానమున్న చోట చిమ్మి, ఇంజను వేగం మారుతుందేమో చూసేవారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది మంటలు తెచ్చే పని. ఇప్పుడు గాలిదారిలోకి తక్కువ ఒత్తిడితో పొగను పంపి, ఎక్కడి నుంచి బయటికి వస్తుందో చూసే యంత్రాలు దొరుకుతున్నాయి. వెలుతురు బాగున్న చోట పొగ సన్నటి దారంలా లీకు దగ్గర లేస్తుంది. ఈ పద్ధతి వచ్చాక ఎస్‌సీ గాలి లీకుల వెతుకులాటలో ఊహ చాలావరకు తగ్గింది.

పెట్రోలు

లీకులు మూసుకున్నాకే ప్రెషర్ గేజ్ తీయాలి. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌కూ వార్మ్-అప్ రెగ్యులేటర్‌కూ మధ్య చిన్న వాల్వ్ ఉన్న గేజ్‌ను పెట్టి, రిలే దగ్గర వైరు కలిపి పంపు మాత్రం నడుపుతారు. వాల్వ్ మూస్తే సిస్టమ్ ప్రెషర్, తెరిస్తే కంట్రోల్ ప్రెషర్ కనిపిస్తుంది. చల్లటి ఇంజనుతో పంపు వేసి, రెగ్యులేటర్‌కు కరెంటు ఇచ్చి నిమిషాలు గడిచేకొద్దీ ముల్లు మెల్లగా పైకి పోవడాన్ని చూడాలి. ముల్లు మొదటి నుంచే పైన ఉంటే చల్లటి ఇంజనుకు పెట్రోలు చాలడం లేదు. చల్లటి పొద్దున మిస్సింగ్, వెనక్కి పేలడం, ఎయిర్‌బాక్స్ పగలడం ఈ వరసలోనే జరుగుతాయి. రెగ్యులేటర్ లోపలి సన్నటి జల్లెడ మూసుకుపోవడం తరచూ దొరికే కారణం. పంపు ఆపాక కూడా కొంతసేపు ఒత్తిడి నిలవాలి. త్వరగా పడిపోతే వేడి ఇంజనులో పెట్రోలు ఆవిరై, ఆగిన కాసేపటికి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సిలిండర్లు తడబడతాయి. పంపు దగ్గరి నాన్-రిటర్న్ వాల్వ్, ఒత్తిడిని దాచే అక్యుములేటర్ అక్కడ అనుమానితులు.

ఒకే సిలిండర్‌కు పెట్రోలు తక్కువగా పోతుంటే ఆరు ఇంజెక్టర్లనూ బయటికి లాగి, కొలత గీతలున్న ఆరు సీసాల్లో పెట్టి, పళ్లేన్ని చేత్తో లేపుతారు. ఇంజెక్టర్లు సన్నగా కిచకిచమంటూ చిమ్మాలి. ఆరు సీసాల్లో మట్టాలు దాదాపు సమంగా రావాలి. ఒక దానిలో తక్కువ కనిపిస్తే ఆ ఇంజెక్టర్‌ను పక్క గొట్టానికి మార్చి మళ్లీ చూడాలి. లోపం ఇంజెక్టర్‌తో కదిలితే ఇంజెక్టర్‌దే, గొట్టంతో ఉండిపోతే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌దే. సంవత్సరాలు కదలకుండా నిలిచిన కార్లలో ఎండిన పెట్రోలు జిగురుకు ప్లంజర్ అతుక్కుపోవడం కూడా ఉంది. పళ్లేన్ని లేపి వదిలితే అది మృదువుగా దిగాలి, మధ్యలో పట్టు తగలకూడదు. పెట్రోలు ఆవిర్లు నిండిన ఈ పనికి గాలాడే చోటు, చేతికందే అగ్నిమాపక సిలిండర్ తప్పనిసరి.

అన్నిటికీ చివరది మిశ్రమం స్క్రూ. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ పక్కన సన్నటి దారిలోకి 3 మి.మీ. ఎలెన్ కీ దింపి పావు చుట్టు తిప్పితే మొత్తం ఇంజను నడక మారిపోతుంది. ఆ తేలికే దాని ప్రమాదం. గాలి లీకు ఉన్న ఇంజనుకు ఈ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచితే ఐడ్లింగ్ సర్దుకున్నట్టే ఉంటుంది. కానీ లీకు లేని సిలిండర్లలో పెట్రోలు పొంగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, మిస్సింగ్ మరో రూపంలో తిరిగొస్తుంది. గేజ్, పొగ పరీక్ష పూర్తికాకుండా ఈ స్క్రూను ముట్టుకోవడమే కే-జెట్రానిక్ కార్ల మీద జరిగే అతి పెద్ద తప్పు. దీన్ని చివరన, పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ శాతం కొలుస్తూనే తిప్పాలి.

తర్వాతి తరం

1984 మోడల్ 911 కరెరా 3.2తో బాష్ మోట్రానిక్ వచ్చింది. ఇంజెక్షన్, ఇగ్నిషన్ రెండింటినీ ఒకే కంప్యూటర్ నడుపుతుంది. మిస్సింగ్ జాడలు కూడా మారిపోయాయి. ఫ్లైవీల్ దగ్గరి వేగం, స్థానం సెన్సర్లు బలహీనపడినా, రిలే లోపల సోల్డర్ పగిలినా ఇంజను ఒక్కసారిగా ఆగిపోతుంది. రిలే పగుళ్లను ఈ కారు వాడేవాళ్లంతా ఎరుగుదురు. దానికి ముందే, 1975 నుంచి 1978 దాకా వచ్చిన డాట్సన్ 280జెడ్‌లో ఎల్-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పనిచేసింది. ప్రతి ఇంజెక్టర్ మీద రెండు పిన్నుల కనెక్టర్ పట్టుసడలడం, పచ్చబడటం ఆ కారు మిస్సింగ్‌కు సాధారణ కారణం. ఖరీదైన కంప్యూటర్ మార్చేసి, చివరికి కనెక్టర్ శుభ్రం చేస్తే సరైపోవడం కంప్యూటర్ ఉన్న పాత ఇంజెక్షన్ కార్లన్నిటికీ వర్తించే అనుభవం.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

ఇప్పుడు భారతదేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత ఇంజెక్షన్ కార్లకు ఇది రెండు రకాల చిక్కు. ఒకటి భౌతికమైనది. 1970ల నాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్ కోసం చేసినవి కావు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారు ట్యాంకులో, ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ లోపల తుప్పు మొదలవుతుంది.

రెండోది లెక్కకు సంబంధించినది. పూర్తి పెట్రోలు సంపూర్ణంగా మండటానికి బరువు ప్రకారం సుమారు 14.7 భాగాల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే ఆ అంకె సుమారు 13.5కు దిగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ లేని కే-జెట్రానిక్ అంతే గాలికి అంతే పెట్రోలు ఇస్తుంది కాబట్టి మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. ఐరోపా కోసం కట్టిన ఎస్‌సీ అప్పటికే కాస్త పలచగా సర్దుకుని ఉంటే, లోపమేమీ లేని ఇంజను కూడా తేలిక లోడు మీద నడిచేటప్పుడు తడబడవచ్చు. అలాంటి కారుకు కొత్త భాగాలేవీ అక్కర్లేదు. గాలి లీకులు లేవని తేలాక, వేడి ఇంజను మీద గేజ్ పెట్టి కంట్రోల్ ప్రెషర్ సరిగా ఉందని చూసుకుని, పొగగొట్టం కొలతను బట్టి మిశ్రమం స్క్రూను కొద్దికొద్దిగా పెట్రోలు పెరిగే వైపు తిప్పితే చాలు.